గొంగడి మీద నా వంతు

మొన్న కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి సుగుణ ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ వచ్చి మా ఇంట్లో దిగింది. సుగుణ నాకు చుట్టం కాదు. చిన్నప్పుడు మా పక్కిల్లు వాళ్లదే, ఆ మాటకొస్తే రెండిళ్లకూ గోడ ఒకటే. బస్టాండుకు వెళ్లి చూస్తే ఒక చేతిలో బట్టల సంచీ, చంకలో మూతి కట్టిన ఎరువుల బస్తా పెట్టుకొని నిలబడి ఉంది. ఆటో అతను ఆ బస్తాను వెనక వేయబోతే వేయనివ్వలేదు. "వద్దు బిడ్డా, గది నా ఒళ్లెనే ఉంటది" అంది. కందిపప్పు తెచ్చి ఉంటుందనుకున్నాను. కరీంనగర్‌లో కందిపప్పు దొరకదనుకుంటోందా అని కొంచెం విసుక్కున్నాను కూడా. నాకు ఈ మధ్య విసుగు ఎక్కువైంది. ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, బస్తా మూతి విప్పితే అందులోంచి నల్ల గొంగడి బయటికి వచ్చింది. గొర్రెబొచ్చు వాసన, దాని వెనక కిరసనాయిలు వాసన, దాని వెనక ఎండిన వేపాకు వాసన. ఆ వాసన తగలగానే నాకు గుర్తొచ్చింది దేవుడు కాదు, దురద. మోకాళ్లు రెండూ గోక్కోవాలనిపించింది.

అప్పట్లో మేముండేది ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లుల వెనక గల్లీలో. మా బాపు మిల్లులో పనికి పోయేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద, మీసాల మీద, చెవుల్లో కూడా పత్తి పోగులే. మా అవ్వ (అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం) ఆయన్ని గడప బయటే నిలబెట్టి తడిగుడ్డతో తుడిచి గానీ లోపలికి రానిచ్చేది కాదు. గల్లీలో మావి కొన్ని ఇళ్లు మిషను సంఘం క్రైస్తవులవి. ఆదివారం చర్చికి, మా మాటలో గుడికి, పోవడం సరే, అది ఊరందరికీ తెలిసిన సంగతి. మా అసలు భక్తి బుధవారం దీపాలు పెట్టే వేళకు మొదలయ్యేది. వారానికి ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక. చాపలు ఎవరింట్లోనూ చాలినన్ని ఉండేవి కావు గనక సంఘంలో అందరికంటే పెద్దదైన ఎలిశమ్మ పెద్దవ్వ ఎప్పుడో గొర్రెలు కాసే కురుమలకు చెప్పి ఒక పెద్ద గొంగడి నేయించింది. కూడిక ఎవరింట్లో జరిగితే ఆ గొంగడి వారమంతా ఆ ఇంట్లోనే ఉండాలి. మళ్లీ బుధవారం ఆ ఇంటి ఆడమనిషి దాన్ని దులిపి, ఎండలో వేసి, మడతల్లో వేపాకు పెట్టి, నెత్తిన పెట్టుకొని తరువాతి ఇంటికి అప్పజెప్పాలి. గొంగడి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో తిట్లు, కొట్లాటలు ఉండకూడదని పట్టింపు. మా అవ్వకు అది మహా కష్టంగా ఉండేది. ఆ వారం బాపును ఏమైనా అనాలనిపిస్తే ఆయన్ని బోరింగు దగ్గరికి పిలుచుకుపోయి, అక్కడ అనాల్సినవన్నీ అనేసి, బిందెతో నీళ్లు తీసుకొని శాంతంగా తిరిగి వచ్చేది.

పాటలు, బైబిలు వాక్యం అయ్యాక వరుస ప్రార్థన ఉండేది. అందరం గొంగడి మీద గుండ్రంగా మోకరించి, నొసలు కిందికి ఆనించి కళ్లు మూసుకోవాలి. ఒకరి తరువాత ఒకరు పైకి ప్రార్థన చేయాలి. ఒకరు ఆమెన్ అన్నాకే పక్కవాళ్లు మొదలుపెట్టాలి. ఆమెన్ అనేదాకా రెండోవాళ్లు నోరు విప్పకూడదు, కళ్లు తెరవకూడదు, ఎంతసేపైనా సరే. మనిషికీ దేవునికీ మధ్య మాట నడుస్తుంటే నడుమ దూరకూడదని ఎలిశమ్మ పెద్దవ్వ చెప్పేది. పెద్దవ్వ పుట్టిల్లు మహారాష్ట్ర వైపు. సగం తెలుగులో, సగం మరాఠీలో దేవుణ్ణి ఇంటి అల్లుణ్ణి నిలదీసినట్టు నిలదీసేది. "దేవా, ఐక్ నా! వింటున్నవా? పోయిన బుధారం చెప్తి గదా, గా రాజన్న కాలు సంగతి? జర యాది పెట్టుకోవాలె గద" అనేది. ఆమె అలా దబాయిస్తుంటే దేవుడు తప్పు చేసిన పిల్లవాడిలా తల వంచుకొని ఎదురుగా కూర్చున్నాడేమోనని నాకు అనుమానం వచ్చేది. ఒకసారి నియమం తప్పి ఒక కన్ను తెరిచి చూశాను కూడా. లాంతరు, గోడ మీద మా నీడలు తప్ప ఏమీ కనిపించలేదు.

సుగుణది ఇంకో తీరు. నా ఈడు పిల్లే, నాతోపాటు బడికి వచ్చేది, నాలాగే ఎక్కాలు తప్పు చెప్పేది. గొంగడి మీద మోకరిస్తే మాత్రం వేరే మనిషి. "ప్రభువా" అని మొదలుపెట్టిందంటే మాట మీద మాట, ఆగడం ఉండేది కాదు. గొంతు వణికేది, చెంపల మీద నీళ్లు కారేవి, పెద్దవాళ్లు "స్తోత్రం, స్తోత్రం" అనేవాళ్లు. ఆ తరువాతి వంతు నాది. నేను రోజూ అనే మూడు ముక్కలు అని, బాపుకు, అవ్వకు ఆరోగ్యం ఇమ్మని అడిగి, ఆమెన్ అనేసేదాన్ని. నా ఆమెన్‌కు ఎవరూ స్తోత్రం అనేవాళ్లు కాదు. నాకు సుగుణను చూస్తే ఒళ్లు మండిపోయేది. ఆమె గౌను మీద, జడ మీద, మార్కుల మీద నాకేమీ అసూయ లేదు, ఆ మాట నిజం. ఆమెకు దేవుడు తెలుసు, నాకు తెలియదు, అంతే. ఇంటి వెనక పత్తికట్టెల మోపు చాటుకు పోయి, ఆమె మాటలే, ఆమె గొంతుతోనే చెప్పి చూశాను. ఏడుపు రాలేదు. అటు నుంచి ఎవరూ వింటున్నట్టు కూడా అనిపించలేదు.

"దేవుడు సుగుణతోనే ఎందుకు మాట్లాడుతడు అవ్వా? నాతోని ఎందుకు మాట్లాడడు?" అని ఒకనాడు పొయ్యి దగ్గర అడిగాను. అవ్వ రొట్టె తిప్పుతూ, "నేను పిలిస్తెనే నువ్వు ఒక్కసారికి పలుకవు, ఇగ ఆయన పిలిస్తె పలుకుతవా? పో, చాట తీస్కరాపో" అంది. నేను దాన్ని జవాబుగానే తీసుకొని చాలా రోజులు బాధపడ్డాను. ఆయన పిలిచినప్పుడు నేను ఏ బోరింగు దగ్గరో ఉండి ఉంటాను, వినిపించుకోలేదు, ఇక పిలవడు అనుకున్నాను. పిల్లలు ఎంత అడ్డదిడ్డంగా ఆలోచిస్తారో పెద్దవాళ్లకు తెలియదు. తెలిస్తే పొయ్యి దగ్గర మాటలు కొంచెం చూసి మాట్లాడతారు.

పత్తి ఏరే రోజుల్లో బడికి సెలవులు వస్తే అవ్వతో కూలికి పోయేదాన్ని. అలా పొద్దంతా చేనులో వంగి వంగి ఏరి వచ్చిన ఒక బుధవారం కూడిక మా ఇంట్లోనే పడింది. వేళ్ల కొసలు పత్తికాయల ముక్కులు గుచ్చుకొని మండుతున్నాయి. సుగుణ ప్రార్థన మొదలైంది. నొసలు గొంగడికి ఆనించి, ఈసారైనా ఏదో ఒక కొత్త మాట చెప్పాలని వెతుక్కుంటున్నాను. ఆ తరువాత నాకేమీ తెలియదు. తెలివి వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అలాంటి నిశ్శబ్దం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ఎవరో మెల్లగా వెక్కుతున్నారు. లాంతరు కొడి కట్టి మసకబారింది. కళ్లు తెరిస్తే చుట్టూ అందరూ నొసళ్లు కిందికి ఆనించి అలాగే ఉన్నారు. సుగుణ ఎప్పుడో ఆమెన్ అనేసింది. నా వంతు నడుస్తోంది. వాళ్లంతా నా ఆమెన్ కోసం ఎదురుచూస్తున్నారు. గట్టిగా "ఆమెన్" అన్నాను.

ఇల్లు కూలినంత పని అయింది. ఎలిశమ్మ పెద్దవ్వ మోకాళ్ల మీదే జరిగి వచ్చి నా తలను గుండెకు హత్తుకుంది. "మాటల్లేకుండ మాట్లాడిందే గీ పిల్ల! ఇన్నేండ్ల సంది నేను ఒర్రుతున్న, నాకు గిది రాలే" అని ఏడ్చింది. అందరూ స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. నేను భయపడి, "పెద్దవ్వా, నేను నిద్రపోయిన" అన్నాను. "సూడుండ్రి, సూడుండ్రి! ఎంత తగ్గింపు గుణమో సూడుండ్రి" అంది ఆమె ఇంకా పొంగిపోయి. "కాదు పెద్దవ్వా, నిజంగనే నిద్రపోయిన. పత్తి ఏరచ్చిన" అన్నాను. ఈసారి మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నిజం చెబితే ఇంత గౌరవం వస్తుందని నాకు అంతవరకు తెలియదు. సుగుణ మాత్రం నా వైపు చూడకుండా లేచి వెళ్లిపోయింది. తరువాత చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కుళ్లుకుంటోందనుకున్నాను. పండుగ పూట కొత్త బట్ట కట్టుకున్నంత సంతోషం వేసింది, ఆ సంతోషానికి భయం కూడా వేసింది.

ఆ చలికాలమే బాపుకు దమ్ము ఎక్కువైంది. పత్తి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరి ఆడక, మంచం మీద కూర్చొని ముందుకు వంగి, ఈలలాంటి శబ్దంతో గాలి లాగేవాడు. దవాఖానలో సూదులు వేశారు. మా అవ్వ గొంగడి తెప్పించి మంచం పక్కన పరిచి, నన్ను చేయి పట్టుకొని తీసుకొచ్చింది. "బిడ్డా, గా రోజు చేసినట్టు చెయ్యి. నీ మాట ఆయన వింటడు" అంది. అవ్వ నన్ను అంత మర్యాదగా అడగడం అదే మొదలు. నేను మోకరించి నొసలు ఆనించాను. ఆ రోజు చేసినట్టు చేయాలంటే నిద్రపోవాలి. నిద్రపోతే బాపు బతుకుతాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాను. పత్తిచేను తలుచుకున్నాను, వేడన్నం తిన్నాక వచ్చే మగత తలుచుకున్నాను. బాపు గొంతులో ఈల వినిపిస్తుంటే నిద్ర ఎక్కణ్నించి వస్తుంది? మాటలు రావు, నిద్రా రాదు. సుగుణ దగ్గరున్నది నా దగ్గర లేదు, నా దగ్గర ఉందని అందరూ అనుకుంటున్నదీ లేదు. అవ్వ నీళ్లకని బయటికి పోగానే బాపు చెయ్యి చాచి నా జడ పట్టుకొని మెల్లగా లాగాడు. "ఏమైందే, గట్ల వణుకుతున్నవ్?" అన్నాడు. "నాకు వస్తలేదు బాపూ" అన్నాను. ఆయన కాసేపు గాలి లాక్కొని, "రాకపోతె రాకపాయె. ఉత్తగ కూసో నా కాడ. పోకు, గంతే" అన్నాడు. అలాగే కూర్చున్నాను. బాపు ఆ ఏడు బతికాడు, ఆ తరువాత చాలా ఏళ్లు బతికాడు. సూదులు పనిచేశాయో, పత్తి సీజను అయిపోయి మిల్లు మూసినందుకు దుమ్ము తగ్గిందో, దేవుడు విన్నాడో, వింటే ఎవరి మాట విన్నాడో నాకు ఇప్పటికీ తేలలేదు. మా గల్లీకి మాత్రం ఆ అనుమానమే లేదు.

నన్ను సంఘంలో కలుపుకొనే రోజు వచ్చింది. అంతకు ముందు పాస్టరు అయ్యగారు పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి, ప్రభువు నీ హృదయంలోకి వచ్చాడా అని ఒక్కొక్కరినీ అడిగారు. సుగుణ ఎప్పుడు వచ్చాడో, ఎలా వచ్చాడో కళ్లకు కట్టినట్టు చెప్పింది. నా దగ్గరికి వచ్చేసరికి "తెల్వదు అయ్యగారూ" అన్నాను. ఆయన గడియారం చూసుకొని, "బస్సు టైమైతుంది బిడ్డా, అవునని చెప్పు" అన్నారు. అవునని చెప్పాను. ఆదివారం ప్రభు బల్ల దగ్గర మోకరించి ద్రాక్షరసం తాగినప్పుడు, ఇప్పుడు ఏదో ఒకటి జరుగుతుందని నాలుక మీద రుచి పోయేదాకా కదలకుండా కాచుకున్నాను. తియ్యగా ఉంది. అంతకంటే ఏమీ జరగలేదు.

తరువాత చదువు, టీచరు ఉద్యోగం, పెళ్లి, కరీంనగర్. మా బడిలో లక్ష్మి అని నాతో పనిచేసే టీచరు ఉండేది, మరమగ్గాల సాంచాలు నడిపే పద్మశాలీల ఇంటి పిల్ల. ధర్మపురికి పోయి గోదావరిలో మునిగి నరసింహస్వామి దర్శనం చేసుకొని వస్తే వారం రోజులు ఆమె ముఖం వెలిగిపోయేది. "మొక్కు చెప్పుకున్న మేడం, ఇగ నాకు ఫికర్ లేదు" అనేది. ఆమెను చూసినా నాకు అదే మంట. వేరే దేవుణ్ణి మొక్కే మనిషిని చూసి కుళ్లుకోవడం పాపమా, రెండు పాపాలా అని గుడిలో కూర్చొని ఆలోచించేదాన్ని. అయినా గుడి మానలేదు. పొద్దున్నే లేచి, టీ తాగకముందు, కుర్చీలో కాసేపు ఊరికే కూర్చోవడం కూడా మానలేదు. బాపు చెప్పినట్టు ఉత్తగ. పిలుపేమీ వినిపించలేదు. ఏదో ఒక రోజు మానేస్తానేమో అనుకుంటూనే రిటైరయ్యాను. దీన్ని విశ్వాసంలో ఎదగడం అంటారో, అలవాటు అంటారో అడుగుదామంటే, అడగదగ్గ వాళ్లంతా నాకంటే చిన్నవాళ్లు అయిపోయారు.

ఇప్పుడు మా గుడిలో కుర్చీలున్నాయి, పెద్ద పెద్ద స్పీకర్లున్నాయి. వరుస ప్రార్థనకు మైకు చేతులు మారుతుంది, ఎవరైనా ఒక్క క్షణం ఆగితే కీబోర్డు అబ్బాయి ఆ ఖాళీని వెంటనే నింపేస్తాడు. ప్రార్థన అవసరతలు ఫోనులో గ్రూపుకు వస్తాయి, మేం చేతులు జోడించిన బొమ్మ పెట్టి పని చూసుకుంటాం. తప్పు పట్టడం లేదు, నేనూ పెడతాను. కానీ పొద్దంతా కూలి చేసి వచ్చిన మనుషులు, ఇంట్లో పొయ్యి మీద కూర వదిలి వచ్చిన ఆడవాళ్లు, ఒక చిన్న పిల్ల ఆమెన్ అనేదాకా నొసళ్లు గొంగడికి ఆనించి కదలకుండా ఉన్నారు. వాళ్లు ఎంతసేపు అలా ఉన్నారో నాకు తెలియదు. నా జీవితంలో నా కోసం మళ్లీ ఎవరూ అంతసేపు ఎదురుచూడలేదని మాత్రం తెలుసు.

ఆపరేషన్ అయిన మరునాడు మధ్యాహ్నం భోజనం చేశాక సుగుణ నల్లద్దాలు పెట్టుకొని కుర్చీలో కూర్చొని ఉంది. తల వంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గొంగడి ఎందుకు మోసుకొచ్చావని అప్పుడడిగాను. "ఆఖరి కూడిక మా ఇంట్లనే అయింది. తర్వాత వారం ఎవ్వరు పిలువలే. ఎవలింటికి తీస్కపోవాలె? గట్లనే ఉండిపోయింది" అంది. మళ్లీ తనే, "ప్రమీలా, నాకు ప్రార్థన వస్తలేదే" అంది.

సుగుణ ఇప్పటికీ ఆదిలాబాద్‌లో ఆడవాళ్ల కూడికలు నడిపిస్తుంది. ఆమె ప్రార్థన కోసం పల్లెల నుంచి మనుషులు వస్తారు. వేళాకోళం ఆడుతోందనుకున్నాను. "మా ఆయన పోయినంక గిట్లయింది. అందరికి చేస్త, గవి నోటికి అలవాటైన మాటలు. నాకోసం ఒక్క మాట రాదు. తలుపులు పెట్టుకొని కూసుంటె నోరు ఎండుకపోతది. నువ్వు గప్పుడు మాటల్లేకుండ చేసినవు సూడు, గది నాకు నేర్పు. గందుకే వచ్చిన. కన్ను ఆడ గూడ చేపిచ్చుకుందును" అంది.

"సుగుణా, నేను ఆ రోజు నిద్రపోయిన. అందరి ముందల చెప్పిన, ఎవ్వరు నమ్మలే" అన్నాను.

"నాకు తెల్వదా? నీ పక్కపొంటే ఉంటి గదా. నా ఒక్కదానికే వినవడేటట్టు సన్నగ గుర్రు పెట్టినవ్."

"మరి చెప్పలేదేందే?" అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నేళ్లు నన్ను ఆ పరేషాన్‌లో ఉంచిందా!

"ఏమని చెప్త? కళ్లు దెరిసి సూసిన. నోరు దెరుసుకొని పండుకున్నవ్. మా అవ్వ ఒళ్లె గూడ నేను గంత నిమ్మలంగ పండుకోలే. నాకు ఏడుపొచ్చింది. ఇంకొకలకు వినవడకుండ గౌను అడ్డం పెట్టుకొని ఏడ్సిన" అంది. ఆ రోజు వెక్కింది ఎవరో నాకు అప్పుడు తెలిసింది. సుగుణ నల్లద్దాలు గోడ వైపు తిప్పుకొని, "నేను గంతగనం ఎందుకు మాట్లాడేదాన్ననుకున్నవ్? ఊకుంటె ఆయన లేసి పోతడని భయం. ఇప్పటికి గూడ గదే భయం. నువ్వేమో ఆయన ముందల గుర్రు పెడ్తివి. నీకు ఎంత ధైర్నమే!" అంది.

అది ధైర్యం కాదు, పత్తిచేను అలసట. ఈ ముసలితనంలో ఆమె నన్ను చూసి, నేను ఆమెను చూసి కుళ్లుకున్నామని తేలింది గానీ, దేవుడు మా ఇద్దరిలో ఎవరి దగ్గర ఉన్నాడో మాత్రం తేలలేదు. లేచి గొంగడిని ఆమె కుర్చీ ముందు పరిచాను. నా మోకాళ్లు వంగవు, ఆమె తల వంచకూడదు. నేను ఇంకో కుర్చీ లాక్కొని ఎదురుగా కూర్చున్నాను. చెప్పులు విడిచి నాలుగు పాదాలూ గొంగడి మీద పెట్టాం. "నువ్వే మొదలువెట్టు. నీ తర్వాతనే గద నా వంతు" అన్నాను.

"ప్రభువా" అంది సుగుణ. ఆగింది. నేను కళ్లు మూసుకొని కాచుకున్నాను. పై ఇంట్లో కుక్కరు కూసింది. రోడ్డు మీద ఆటోలు, కింద లిఫ్టు తలుపు చప్పుడు. సుగుణ ఇంకేమీ అనలేదు. ఏడుస్తోందేమో, లేచి వెళ్లి చెయ్యి పట్టుకోవాలేమో అనుకున్నాను. నడుమ దూరకూడదు కదా. అరికాళ్లు దురద పెడుతున్నాయి. చాలాసేపటికి సన్నగా ఒక చప్పుడు వినిపిస్తే ఒక కన్ను తెరిచి చూశాను. సుగుణ తల కుర్చీకి ఆనింది, అద్దాలు ముక్కు మీదికి జారాయి, నోరు తెరిచి ఉంది. గుర్రు పెడుతోంది.

ఆమె ఇంకా ఆమెన్ అనలేదు. నా వంతు రాలేదు. మళ్లీ కళ్లు మూసుకున్నాను.